మెచ్చుకుని ముంచిన దుబాసీ

తిట్టి ముంచినవాళ్లను మీరు చూసే ఉంటారు. మెచ్చుకుని ముంచిన ఘనుణ్ని మాత్రం నేనే!

కంప్యూటర్ నేర్చిన ప్రతివాడూ సింగపూర్ విమానమెక్కిన రోజులవి. సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, మెడలో కార్డు, నోట్లో ఇంగ్లీషు. ఇక నన్ను పట్టేవాళ్లేరి? టోవా పాయో పేటలో మా కింది ఫ్లాట్ నరసమ్మ ఆంటీది తాతల నాడే విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆఫీసులు తుడిచి తుడిచి ఆవిడ వేళ్లు వంకర్లు పోయాయి. ప్రభుత్వ సాయం అడిగితే, పని చేసుకోగలదని కాదన్నారు. అప్పీలు విచారణలో తెలుగులోనే చెప్పుకుంటానని ఆవిడ పట్టుబట్టింది. దుబాసీని నేను.

బల్లకు అవతల ముగ్గురు. "ఇంటి పని చేసుకోగలరా?" అంది పెద్దావిడ.

"గిన్నె పట్టుకుంటే జారిపోతాది బాబూ" అంది ఆంటీ.

అంతే చెప్పాలి కదా? చెప్పాను. కానీ మన ఆంటీని పరాయివాళ్ల ముందు అంత దీనంగా నిలబెట్టడమా! పెద్దల్ని పరిచయం చేస్తే నాలుగు మంచి మాటలు కలపడం మనకు అలవాటాయె.

"సామాన్యురాలు కాదు మేడమ్! గుళ్లో వందమందికి పులిహోర ఈవిడే కలుపుతుంది!"

"ఒక్కరేనా?"

"ఇంకొకర్ని గరిటె ముట్టుకోనివ్వదు!"

"అంటే వంటింటి పని చేయగలరన్నమాట."

"పనేమిటి, హోటలే నడుపుతుంది!"

ముగ్గురూ చకచకా రాసుకున్నారు. నేను మురిసిపోయాను.

ఆంటీ నా మోచెయ్యి గిల్లింది. "ఏటి సెప్పినావు?"

"మిమ్మల్ని పొగిడాను ఆంటీ."

"మరి ఆళ్లేటి రాసుకుంటన్నారు?"

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ నోటి దగ్గర కూడు నేనే లాగేస్తున్నాను!

ఆంటీ మాత్రం తొణకలేదు. "సెప్పింది సెప్పినట్టు సెప్పు. ఈ బాబు సెప్పిందంతా నిజమే, పదేళ్ల కింద. ఇప్పుడు నా రవిక హుక్కులు పక్కింటి పిల్ల వచ్చి పెడతాది. ఇది పరాయి మాటలో సెప్పుకోడానికి నాకు నోరు రాదు. అందుకే నా మాటలో సెప్తన్నాను."

ఎంత మనిషి! ఆ వాక్యాలకు ఒక్క అక్షరం కలపకుండా ఇంగ్లీషులో చెప్పాను. పెద్దావిడ కలం కింద పెట్టి, రాసిందంతా కొట్టేసింది. సాయం మంజూరైంది.

లిఫ్ట్ దగ్గర కాళ్ల మీద పడబోతే ఆంటీ నవ్వింది. "నీకు సంబంధాలు వస్తే సెప్పు బాబూ, ఆడపిల్లోళ్ల కాడికి నానే వస్తాను."

"నన్ను పొగడ్డానికా ఆంటీ?"

"కాదు. ఉన్నది ఉన్నట్టు సెప్పడానికి!"

ఆ లిఫ్ట్ సాక్షిగా ఒట్టేశాను: పెద్దల మాటకు పోపు పెట్టను, పెళ్లి చూపులకు మాత్రం ఆంటీకి తెలియకుండానే వెళతాను.