డేవిడ్ వినాలనుకున్న గొంతు

2022 చలికాలం. నేపర్‌విల్‌లో నేను పనిచేసే క్లినిక్‌కి డెబ్బై ఎనిమిదేళ్ల డేవిడ్, ఆయన భార్య మిరియం వచ్చారు. పేర్లు మార్చాను. నేను ఆడియాలజిస్ట్‌ని, వినికిడి పరీక్షలు చేసి హియరింగ్ ఎయిడ్స్ అమరుస్తాను. పరీక్షప్పుడు బయట కూర్చోమంటే మిరియం ససేమిరా అంది.

"అన్నిటికన్నా ముందు ఏం వినాలనుకుంటున్నారు?" అని అడిగాను. చాలామంది మనవల మాటలంటారు. డేవిడ్ సంచిలోంచి పాత టేప్ రికార్డర్ తీశాడు.

"మా రెబ్బె గొంతు."

రెబ్బె అంటే గురువు. ఆయన దగ్గర డేవిడ్ తొమ్మిదేళ్లు కబాలా, అంటే యూదుల మార్మిక విద్య, నేర్చుకున్నాడు. గురువు పోయి ముప్ఫై ఏళ్లు దాటింది.

"శిష్యుడి ఆత్మ గురువు ఆత్మను అంటిపెట్టుకుని ఉంటుందని మా నమ్మకం. చావుతో అది తెగదు. పోయాకే ఆయన నాకు ఇంకా దగ్గరయ్యారు" అన్నాడు.

"అదే నా ఖర్మ, డాక్టర్" అంది మిరియం. "బతికున్న ఆడదైతే పోట్లాడేదాన్ని. పోయిన ముసలాయనతో ఏం పోట్లాడను? నేను పిలిస్తే మూడోసారికి పలుకుతాడు. ఆ టేపు మాత్రం చెవికి ఆనించుకుని గంటలు గంటలు కూర్చుంటాడు. అది మొదలైతే నేను పక్క గదిలోకి పోతాను."

నేను వెంటనే ఆమె పక్షం చేరిపోయాను. ఆ ఏడాది మా ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరో స్వామీజీ ప్రవచనాలు వింటూ అన్నం తినేవాడు. ఏదైనా చెప్పబోతే, "ఒక్క నిమిషం ఆగవే, అయిపోవచ్చింది" అనేవాడు. ముఖం కూడా తెలియని ఆ స్వామీజీ మీద నాకు ఒళ్లు మండేది.

పరీక్షలో డేవిడ్‌కి వర్డ్ రికగ్నిషన్ బాగా తగ్గిందని తేలింది. అంటే శబ్దం వినిపిస్తుంది, మాట విడిపడదు. ఎయిడ్ శబ్దాన్ని పెంచగలదు గానీ ఆ లోటు పూర్తిగా తీర్చలేదు. పైగా టేపు అరిగిపోయింది. ఎయిడ్స్ పెట్టి టేపు వేశాను.

"గొంతు తెలుస్తోంది. మాట అందట్లేదు" అన్నాడు.

"ఇంతకన్నా స్పష్టంగా వినిపించడం నా వల్ల కాదు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు లోపల కాస్త తృప్తి కలిగింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

టేపు తిరుగుతూనే ఉంది. ఉన్నట్టుండి మిరియం నవ్వింది.

"'డేవిడ్, మళ్లీ కునుకు తీస్తున్నావు' అంటున్నాడు."

ఇద్దరం ఆమె వైపు తిరిగాం. టేపులో ఉన్నది యిద్దిష్ అనే యూదుల భాష, ఆమె పుట్టింట్లో మాట్లాడేది. రెబ్బె పాఠాలు చెప్పే గదిలోకి ఆడవాళ్లను రానిచ్చేవారు కాదట. ఆ కోపంతో ఆమె ఆ పాఠాల టేపులు కూడా ఎన్నడూ వినలేదు.

"నీకు తెలుస్తోందా?" అన్నాడు డేవిడ్.

"నా చెవులు బాగానే ఉన్నాయి. ఎప్పుడైనా అడిగావా?"

"ఇప్పుడు అడుగుతున్నాను."

ఆమె కుర్చీ ఆయనకు ఎదురుగా లాక్కుంది. ఒక్కో వాక్యం దగ్గర నేను టేపు ఆపాను. ఆయనకు తన పెదవులు కనిపించేలా రెబ్బె మాటల్ని ఆమె నెమ్మదిగా చెప్పింది.

"నేను పోయాక నన్ను ఎక్కడా వెతక్కు. నువ్వు పాఠం చెప్పినప్పుడల్లా నీ పక్కనే ఉంటాను."

ఆయనకు ప్రతి మాటా అందింది. ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె వెనక్కి తీసుకోలేదు.

ఆరు వారాల తర్వాత ఫాలోఅప్‌కి వచ్చారు. అసూయ తగ్గిందా అని అడిగాను.

"ఎక్కడ తగ్గుతుంది? ఇప్పుడు ఈయనకూ అంటుకుంది. రెబ్బె జోకులకు ఈయనకన్నా ముందు నేను నవ్వేస్తున్నానట" అంది మిరియం.

"ఆయన నా గురువు" అన్నాడు డేవిడ్, నవ్వకుండా.

అప్పటినుంచి పేషెంట్ వెంట వచ్చినవాళ్లను వెయిటింగ్ రూమ్‌కి పంపడం మానేశాను. మిరియం ఆ రోజు బయటే కూర్చుని ఉంటే, డేవిడ్‌కి మంచి పరికరాలు అమర్చి, గురువు మాట ఒక్కటీ వినిపించలేక ఇంటికి పంపేసేదాన్ని.