కట్ట పోస్తే కుంటైంది

నిజాం రాజ్యం పోయి ఊళ్లు కుదుటపడ్డ కాలంలో అన్నదమ్ములు పంచుకుంటే, మా భాగానికి చెరువు కింద ఏడాదంతా ఊట ఊరే జాలు భూమి వచ్చింది. జాలి మాత్రం ఎవరికీ రాలేదు. తుంగ తప్ప ఏదీ మొలవని నేల. కాలు పెడితే మోకాలి దాకా తీసుకునేది, తిరిగిచ్చేటప్పుడు చెప్పు ఉంచేసుకునేది. మా ఆయన ముందే చెప్పేశాడు: "యాసంగికి గింత వరి పండకపోతే బొగ్గుబాయిల పనికి పోత."

ఆ మాటకు నా గుండెల్లోనూ ఊట మొదలైంది. అత్త మాత్రం వక్క కొరుకుతూ, "పైనున్న భూమినే పండియ్య రాకపాయె. కిందికి దిగి ఏం జేస్తవు కొడుకా?" అంది.

ఎండాకాలమంతా కట్ట పోశాం. ఆయన తవ్వడం, నేను గంప మొయ్యడం, అత్త దిమ్మెసతో మట్టినీ మాటలతో మమ్మల్నీ కొట్టడం. చెరువు ఊట, చెరువు నిండి మత్తడి దూకిన నీళ్లు పొలంలోకి రాకూడదని నాలుగు వైపులా నడుమెత్తు కట్ట. ఊళ్లో అంత గట్టి గట్టు లేదని నేను బావి దగ్గర చెప్పుకొని తిరిగాను కూడా.

తర్వాత వాన పడింది. నీళ్లు పక్కనుంచే కాదు, పైనుంచి కూడా వస్తాయన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. వచ్చినవి పోవడానికి దారి లేదు. కట్ట నిజంగానే గట్టిది. దొంగ రాకుండా తలుపేసుకొని దొంగతోనే పడుకున్నట్టయింది. శ్రావణానికి కప్పలు కాపురం పెట్టాయి, కొంగలు చుట్టపుచూపుగా వచ్చాయి. వాగు తూర్పున దగ్గర గదా అని ఆయన అటు కట్ట తెంపి కాలువ తవ్వాడు. నేను నేలకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, "వాలు గటే ఉన్నది" అని తీర్పు చెప్పాను. నీళ్లు కాలువలోకి వచ్చి నిలబడ్డాయి గానీ నడవలేదు. నీరు పల్లమెరుగు అంటారు, మేం ఎరగం. మళ్లీ పూడ్చేశాం.

బతుకమ్మ పండుగ వచ్చింది. పుట్టింటికి పోతే పొలం సంగతి అడుగుతారని కదలలేదు నేను. చివరి రోజు, సద్దుల నాటి సాయంత్రం చూస్తే, వాడ ఆడవాళ్లంతా చెరువు దాకా పోకుండా బతుకమ్మలెత్తుకొని మా కట్ట మీదికే వస్తున్నారు. అందరికంటే ముందు మా తోటికోడలు.

"అక్కా, గిది మా పొలం!"

"పొలమైతే మడమ తడవాలె చెల్లె, గీడ మనిషి మునుగుతది. జమ్మికుంటకు పేర్లనే కుంట, నీకు భాగంలనే కుంట!"

ఒకటే నవ్వులు. సిగ్గుతో ఏడుపొచ్చింది గానీ, చప్పట్లు మొదలైతే కాళ్లు ఊరుకుంటాయా? నేనూ ఆడాను. ఆట ముగిశాక బతుకమ్మలను నీళ్లలో వదిలారు. ఆకు కదలని సాయంత్రం. అయినా ఆ తంగేడు, గునుగు పూల గుట్టలు ఒకదాని వెనుక ఒకటి, పెళ్లికి పోతున్నట్టు, పడమటి మూలకు కదిలాయి. అటు ముళ్లపొదలు తప్ప ఏమీ లేవు.

అత్త నవ్వు ఆపింది. "గాలి లేకపాయె. బతుకమ్మ గటెందుకు పోతున్నదే పిల్లా?"

చీర ఎగ్గట్టి దిగాను. పూల కింద, కట్టలో, ఎండ్రకాయ బొక్క! అవతలికి పోయి చూస్తే నీళ్లు జలజలా కారుతూ పొదల కిందుగా జారుతున్నాయి. మా తూర్పు వాగే వంపు తిరిగి ఆ వెనుక నుంచి పోతోంది. నిటారుగా నడిచే మాకు దొరకని వాలు అడ్డంగా నడిచేదానికి దొరికింది.

తెల్లారి ఆయన ఆ మూలనే కట్ట తెంపి, బోలుగా తొలిచిన తాటిమొద్దును తూముగా పెట్టాడు. కట్ట లోపలి అంచు వెంట చుట్టూ కాలువ తీసి, ఊటనంతా ఆ మూలకు తిప్పాం. నీళ్లు వాడిన పూలను కూడా వెంటబెట్టుకొని పోయాయి. దీపావళికి నేల కనిపించింది, కార్తీకంలో యాసంగి నారు పోశాం. వరి కోసిన రోజు ఆయన బొగ్గుబాయి మాట ఎత్తలేదు. అత్తే ఎత్తింది: "ఏం కొడుకా, ఎప్పుడు పోతవు?"

మరుసటేడు సద్దులకు వాడంతా మళ్లీ మా కట్ట మీదికే వచ్చింది. లోపల పొట్టకొచ్చిన వరి. తోటికోడలు నెత్తి మీది బతుకమ్మతోనే తగువుకు దిగింది.

"మా కుంటనేం జేసినవే?"

"తిన్నం అక్కా!"

చెరువు దాకా ఆ పెద్ద బతుకమ్మను నాతోనే మోయించింది, దారి పొడుగునా తిడుతూ. మెడ నొప్పెట్టింది గానీ, అంత తేలికైన బరువు మళ్లీ మోయలేదు.