క్లచ్చు లేని జీపు

మా నాయనకు గేర్లు మార్చే పని లేని బండంటే చులకన. నేను నా జీతంతో ఆటోమేటిక్ జీపు కొని కారంపూడి తెచ్చిన రోజు దాని చుట్టూ తిరిగి చూసి, "ఎడమకాలికి పని లేంది బండేందే? కుంటోళ్ళు తోలే బండి" అన్నాడు. అరుగు మీద కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. మరుసటేడు షుగరు ముదిరి ఆయన ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. ఆ నోటి మాటే తగిలిందని అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

ఎందుకు రావాలి? నా పెళ్లికి ముందు, ఆయన పాత జీపు నేర్చుకుంటానని ప్రాణం తీస్తే, మా మిరపచేను దగ్గర ఒక్కసారి స్టీరింగ్ ఇచ్చాడు. క్లచ్చు వదిలేసరికి ఇంజను ఆగింది. కాయకోతకొచ్చిన కూలీల ముందు నెత్తిన మొట్టికాయ వేసి, "దిగు. ఇది నీ వల్లగాదు" అన్నాడు. మళ్ళీ ఆ తాళం నా చేతికి రానివ్వలేదు.

కాలు పోయాక మంచం మీద నుంచి నా జీపునే చూస్తుండేవాడు. ఒకరోజు అడిగాడు. "అమ్మాయ్, దీనికి కుడికాలుంటే చాలంటగా. చేను దాకా నన్ను తోలనీవే."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. జాలేసింది, సంతోషమూ వేసింది. సంతోషమే ఎక్కువ.

డొంకదారిలో బాగానే తోలాడు. "చానా మెత్తగా పోతందే" అని మురిసిపోయాడు. చేను దగ్గర, కాలవ నీళ్ళకు నానిన రేగడిలో చక్రాలు దిగబడి బండి నెమ్మదించింది. ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? క్లచ్చు తొక్కబోయి మొండికాలు పైకి లేచి స్టీరింగ్ అడుగున కొట్టుకుంది. చెయ్యి ఒకటో గేరు కోసం లివరును ముందుకు తోసింది. బండి న్యూట్రల్లో పడింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు, ఆయన లేని కాలితో లేని క్లచ్చును తొక్కుతూనే ఉన్నాడు. కాయ కోస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఒకామె నవ్వింది.

లివరు వెనక్కి లాగితే బండి కదిలేది. అది నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"దిగు నాయనా. ఇది నీ వల్లగాదు" అన్నాను, వాళ్ళకూ వినపడేలా.

తలుపు తీసి కింద బురదను కాసేపు చూశాడు. నా వైపు తిరగకుండానే, "కర్రలియ్యమ్మా" అన్నాడు.

వెనక సీట్లోంచి చంకకర్రలు తీసి ఇచ్చాను. వాళ్ళంతా చూస్తుండగా ఆ బురదలో గెంతుకుంటూ గట్టెక్కాడు. మళ్ళీ ఎప్పుడూ తాళం అడగలేదు. నేనూ ఇస్తాననలేదు.