మా యాడి కుట్టిన అస్తరు

మా అమ్మ జమ్లికి ఒంటికి గీరుకునే వస్తువంటే పడదు. మేం లంబాడీలం, అమ్మను యాడి అంటాం. యాడి పుట్టింది పినపాక దగ్గర తండాలో. నాన్న రాందాస్‌కు బొగ్గుగనిలో పని దొరికాక కొత్తగూడెం క్వార్టర్లకు వచ్చి, ముప్పై ఏళ్లు ఆ వరుసల్లోని ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టింది. టేపు ముట్టదు. ముడులు వేసిన తాడుతోనే కొలతలు. లోపల మెత్తటి గుడ్డతో అస్తరు వేయకుండా ఒక్క జాకెట్టూ ఇవ్వలేదు. మిషన్ తొక్కలేని వయసు వచ్చాక ఆ చెయ్యి ఇంటి మీద పడింది. టీవీ రిమోట్ సంచికి అస్తరు, నా కళ్లద్దాల డబ్బాకు అస్తరు, సంగీత టిఫిన్ సంచికి రెండు పొరల అస్తరు.

సంగీత నా కూతురు, ఐదో తరగతి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మొదటి ప్రాక్టికల్ రోజున "కొలిచే ముందు పరికరాన్ని అనుమానించండి" అని ఏటా పిల్లలకు చెప్పేది నేనే.

సంగీత లెక్కల్లో కాస్త వెనకబడిందని టీచర్ ఒక్క మాట అన్నారు. నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు ఆన్‌లైన్‌లో ఒక పట్టీ తెప్పించాను. నుదుటికి కట్టుకుంటే మెదడులోంచి వచ్చే సన్నని విద్యుత్ సంకేతాలను పట్టి, పిల్ల శ్రద్ధ నూటికి ఎంతో ఫోన్‌లో చూపిస్తుందట. రెండు రోజులు అరవై, డెబ్బై చూపించింది. మూడో రోజు పన్నెండు. ఆ మర్నాడు తొమ్మిది.

పట్టీ కట్టే పని యాడిది, ఫోన్ చూసే పని నాది. మూడు వారాలు గ్రాఫులు గీశాను. కిటికీ వైపు కూర్చుంటే పది, గోడ వైపయితే పదకొండు. ఆ ఒక్క అంకె కోసం బీరువా జరిపించాను. బాదంపప్పు నానబెట్టించాను. ఫోన్ మూలన ఒక పసుపు చుక్క మిణుకుమంటూ ఉండేది. అలంకారం అనుకున్నాను. నా భార్య సువర్ణ, "ముందు నువ్వొకసారి కట్టుకొని చూస్కో" అంది. వినలేదు. ఇంట్లో శ్రద్ధ కుదరదని ఖమ్మంలో హాస్టల్ ఉన్న స్కూలుకు దరఖాస్తు పెట్టాను. వెంటనే చేర్చుకుంటామన్నారు.

యాడి ఒప్పుకోలేదు.

"పదేండ్ల పిల్లరా. నా పక్కన పండకపోతే నిద్ర రాదు దానికి."

"నంబర్ చూడు యాడీ. తొమ్మిది."

"నీ నంబరేందో నాకెరుక లేదు. మనసు పెట్టి చదివితే దాని కాలి బొటనవేలు కదలదు. నేను రోజు పిల్లను చూస్తున్న. నువ్వు ఫోన్ చూస్తున్నవ్."

బొటనవేలిని ఏ యూనిట్లలో కొలవాలో తెలియక ఆ మాట వదిలేశాను.

ఆదివారం పొద్దున బయలుదేరాలి. పెట్టె సర్దాం. సంగీత గడప మీద కూర్చుంది. యాడి నాలుగు చిన్న గుడ్డలు తెచ్చి, మడిచి, పెట్టెలో పట్టీ పక్కన పెట్టింది.

"ఇవేంది యాడీ?"

"పట్టీ లోపలికి. ఉన్న అస్తరు మాసిపోయింది. ఆడ ఎవరు కుట్టిస్తరు? వారానికొకటి మార్చుకోమని చెప్పు."

పట్టీ తిరగేశాను. నుదుటికి తాకాల్సిన మూడు లోహపు బిళ్లల మీద రెండు పొరల నూలుగుడ్డ, కంటికి ఆననంత సన్నటి కుట్టుతో.

"ఇది ఎప్పుడు కుట్టినవ్?"

"తెచ్చిన మూడో నాడు. పిల్లకు నొసలంత ఎర్రగ గీసుకపోయింది. ఇనుము గట్ల ఒత్తుకుంటుంటే ఎట్ల చదువుతది?"

మూడు వారాలుగా నేను కొలిచింది నూలుగుడ్డ శ్రద్ధను. బిళ్లలు ఒంటికి తాకడం లేదనే ఆ పసుపు చుక్క చెబుతూ వచ్చింది.

"పోదామా నాన్నా?" అంది సంగీత, నేల చూస్తూ.

"లెక్కల పుస్తకం తీసుకురా" అన్నాను.

తెచ్చుకుని చాప మీద కూర్చుంది. భిన్నాల లెక్కలు. పట్టీ కట్టలేదు. నేనూ యాడీ ఎదురుగా కూర్చుని బొటనవేలు చూశాం. మొదటి లెక్కకు ఊగింది. రెండో లెక్కకూ ఊగింది. మూడో లెక్క సగంలో ఆగిపోయింది.

"చూసినవా" అని యాడి నా చెవిలో గుసగుసగా అంది.

సువర్ణ పెట్టెలోంచి బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెడుతున్న చప్పుడు వినిపించింది.

మొన్న అస్తరు విప్పి పట్టీ నేనే కట్టుకున్నాను. పదహారు చూపించింది. గుడ్డ కంటే ఏడు ఎక్కువ. యాడికి చెప్పలేదు.