సాంచాలు ఆగిన అరగంట

మా ఎదురింటి కాక మొన్న పొద్దున పోయాడు. ఎవరూ వచ్చి చెప్పకముందే నాకు తెలిసింది. పొయ్యి మీద చాయ పెడుతుంటే గల్లీలో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. మా సిరిసిల్లలో తిండి వేళ కాకుండా అవి ఆగాయంటే కరెంటైనా పోయి ఉండాలి, గల్లీలో మనిషైనా పోయి ఉండాలి. నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

వెళ్లి చూసి వచ్చి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య దేనికీ ఓపిక ఉండటం లేదు. బడి నుంచి వచ్చి చెప్పులు విప్పడానికే పది నిమిషాలు పడుతుంది నాకు.

పదకొండింటికి కాక కోడలు వచ్చింది. "అక్కా, మూడింటికి ఎత్తుతరట. కాటికి పోయినోళ్లు తిరిగొచ్చి దీపం సూసి పోతరు గదా, దీపం కాడ ఫొటో పెట్టాలె. మా తమ్ముడేమో ఫోన్ల ఉన్నది తీసి ఫ్లెక్సీ కొట్టిస్తనంటుండు. మామేమో నువ్వే కడగాలన్నడు. అయితదా?"

అవుతుందన్నాను. మాట ఇచ్చి ఉన్నాను మరి. రెండు నెలల కింద దగ్గుతూ నా దగ్గర మాట తీసుకున్నాడు కాక. "ఫ్లెక్సీ మీద ఎయ్యనియ్యకు బిడ్డా. మూతికి గులాబి రంగు పూసి ఎనుక మబ్బులు పెడతరు. నన్ను నలుపు తెలుపుల కడుగు. గంతే."

ఈ కడగడం సంగతి మీకు అర్థం కావాలంటే మా బాత్రూమ్ గురించి చెప్పాలి.

మా బాపు పోతూ ఒక రేకు డబ్బా నిండా నెగటివ్‌లు వదిలిపోయాడు. కరీంనగర్‌లో, హుజూరాబాద్‌లో ఎంతమందిని అడిగినా "గియ్యి ఇప్పుడు ఎవలు కడుగుతుండ్రు మేడం" అన్నవాళ్లే. మూడేళ్ల కింద, మూతపడిన ఒక స్టూడియో సామాన్లలో, నెగటివ్‌లోని బొమ్మను కాగితం మీద పెద్దగా పడేసే పాత ఎన్‌లార్జర్ దొరికితే తెచ్చి బాత్రూమ్‌లో పెట్టాను. నీళ్ల తొట్టి మీద అడ్డంగా ఒక చెక్క, చెక్క మీద ఎన్‌లార్జర్. వెలుతురు వచ్చే సందులకు అట్టలు, తలుపుకు నల్ల గొంగడి, పైన ఎర్ర జీరో బల్బు. కింద మూడు ప్లాస్టిక్ ట్రేలు: డెవలపర్‌కు ఒకటి, నీళ్లకు ఒకటి, బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపోకు ఒకటి. ఫోన్‌లో చూసి అన్నీ సరిగ్గానే చేశాననుకున్నాను. ఫొటో మాత్రం మసకగా వచ్చేది. లెన్సు తుడిచాను, మందులు మార్చాను, ఇరవై కాగితాలు పాడుచేశాను. ప్రతి దాంట్లోనూ మా బాపుకు రెండు ముక్కులు.

ఒక ఆదివారం గడప అవతల నుంచి గట్టిగా ఒక గొంతు. "హైపో వాసనొస్తుంది. ఎవలు కడుగుతుండ్రు?"

అప్పటిదాకా కాక నాకు ఎదురింటి ముసలాయన, అంతే. వయసులో ఉన్నప్పుడు జమ్మికుంటలో ఒక స్టూడియో చీకటి గదిలో పదేళ్లు ఫొటోలు కడిగాడట. కలర్ మిషన్లు వచ్చాక ఆ గదితో పని లేకుండా పోయింది. ఇక్కడికి వచ్చి పాతికేళ్లు సాంచాలు నడిపాడు. చెవులు సగం వాటికే ఇచ్చేశాడు. లోపలికి వచ్చి, నేను చూపిస్తున్న మసక ఫొటోల వంక చూడనైనా చూడకుండా, చెక్క మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"అద్దం మంచిగనే ఉన్నది బిడ్డా. సాంచాలు ఊపుతున్నయి."

నేను కూడా చెయ్యి పెట్టి చూశాను. పక్కింటి ఎనిమిది సాంచాల అదురు గోడలోంచి తొట్టికి, తొట్టిలోంచి చెక్కకు వస్తోంది. అదురుకు ఇన్నేళ్లుగా అలవాటుపడి నాకు తెలియనే లేదు.

"మరెట్ల కాకా?"

"బువ్వకు ఆపుతరు గదా. గప్పుడు."

అప్పటి నుంచి నాకు సెలవున్న రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు, సాంచాలు ఆగిన అరగంటలో మా పని. కాక ముందే తినేసి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు. చప్పుడు ఆగగానే నేను ఎన్‌లార్జర్ బల్బు వేసేదాన్ని, ఆయన సెకన్లు లెక్కపెట్టేవాడు. సాంచాల మధ్య అరిచి అరిచి అలవాటైన గొంతు. "కాకా, నాకు చెవుడు లేదు" అంటే నవ్వి, మళ్లీ అంతే గట్టిగా "ఏడూ, ఎనిమిదీ" అనేవాడు. నేను హడావిడి పడితే, "తొందరేం లేదు బిడ్డా, చీకటి యాడికి వోదు" అనేవాడు. ఉన్నది అరగంటే అయినా అదే మాట.

బాపు ఫొటో స్పష్టంగా వచ్చిన రోజున ట్రేలోకి వంగి చూసి, "మీ బాపు గడ్డం గీసుకుంటుంటె తెగినట్టున్నది" అన్నాడు. నిజమే, గదమ మీద సన్నటి గాటు. బాపు రోజూ అలా కోసుకునేవాడని ఎప్పుడో మర్చిపోయాను. ఆ గాటు తిరిగి ఇచ్చినందుకు కాకకు ఎంత రుణపడ్డానో ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

కొన్నిసార్లు పని మధ్యలోనే బకెట్ మీద కునికేవాడు. లేపేదాన్ని కాదు. ఇద్దరం అలసిపోయినవాళ్లమే. ఆ ఎర్రటి చీకట్లో మమ్మల్ని ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. వారమంతటిలో నాకు నచ్చిన అరగంట అదొక్కటే.

ఆయన ఫొటో పోయిన చలికాలంలో పాత రీలు కెమెరాతో తీశాను. అదే బకెట్ మీద, అదే గొంగడి ముందు. పళ్లు లేవని నవ్వనన్నాడు.

మొన్న ఆ నెగటివ్ వెతికి, మందులు కలుపుకునేసరికే మధ్యాహ్నం రెండున్నర అయింది. కాగితాలు చూస్తే రెండే మిగిలాయి. మొదటిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో లెక్కన వెలుతురిచ్చి, ఎన్ని సెకన్లు కావాలో చూసుకున్నాను. ఇరవై రెండు. రెండోది పెట్టేసరికి బయట డప్పులు మొదలయ్యాయి. చెక్క మీద చెయ్యి ఆనించాను. డప్పుల మోతకు అదురుతోంది. శవం గల్లీ దాటగానే సాంచాలు నడుస్తాయి. డప్పులు దాటిపోయాక, సాంచాలు మొదలయ్యేలోపు ఎంత దొరికితే అంతే.

"అక్కా, ఎత్తుతున్నరు, రా!" అని ఎవరో పిలిచారు. వెళ్లాలనిపించింది. ఆఖరిసారి సాగనంపాల్సిన మనిషి. వెళితే ఫొటో లేదు. గొంగడి వెనకాలే నిలబడ్డాను. కాకను మా గడప ముందు నుంచే తీసుకుపోయారు. డప్పులు మూల తిరిగి సన్నబడ్డాయి. చేతి కింద చెక్క అదురు ఆగింది.

బల్బు వేశాను. పదీ, పదకొండూ అంటూ నేనే గట్టిగా అరుస్తున్నానని మధ్యలో తెలిసింది. ఆపలేదు.

ట్రేలో ముందు గొంగడి నలుపు వచ్చింది. తర్వాత కళ్లు, బిగబట్టిన మూతి. ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు.

హైపోలోంచి తీసి, కడిగి, తీగకు క్లిప్పు పెట్టి వేలాడదీశాను. గల్లీ చివర ఒక సాంచా మొదలైంది. ఆ వెంటే పక్కింటివి. బయట నుంచి కాక కోడలు తలుపు కొడుతూ "అయిందా అక్కా?" అంటోంది. తడి ఫొటో తీగ మీద సన్నగా వణకసాగింది. రెండు చేతులతో అంచులు పట్టుకుని, వణకకుండా, అలాగే నిలబడ్డాను.