సావిత్రమ్మ ఉతికిన బట్ట

కోస్గిలో సావిత్రమ్మ ఇంటి నుంచి ఏ బట్టైనా బయటికి పోవాలంటే అది ఉతికి, ఆరి, మడత పడి ఉండాల్సిందే. పక్కింటి నుంచి తెచ్చుకున్న దుప్పటైనా సరే, తిరిగిచ్చేటప్పుడు సబ్బు వాసన రావాలి. పద్మశాలి ఇంట్లో పుట్టి పద్మశాలి ఇంటికే కోడలిగా వచ్చిన మనిషి. భర్త సిద్దయ్యకు నూలు కండెలు చుట్టి ఇస్తూ, ఆయన లేచినప్పుడు తానే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తూ బతికింది. మాసిన బట్ట ఎదుటివాళ్ల చేతిలో పెట్టడమంటే వాళ్లను అవమానించడమే అనుకునేది. ఆ మంచి అలవాటే చివరికి ఆమె కొంప ముంచింది.

ఆ వీధిలోనే రఘుపతి సారు కిరాయికి ఉండేవాడు. బడిలో డ్రాయింగు చెప్పేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. మడమ నేలకు ఆనదు, ఆ కాలికి మునివేళ్ల మీదే నడక. అలాంటి మనిషికి నాట్యమంటే పిచ్చి. గజ్జెలూ ముద్రలూ ఉన్న నాట్యం కాదు. నేల మీద దొర్లడం, గోడకు ఒరగడం, ఊరికే నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం, ఇదీ ఆయన చెప్పే కొత్త నాట్యం. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు వానాకాలంలో, మార్కెట్ దగ్గర ఖాళీగా పడి ఉన్న గోదాములో దానికి ఏకంగా పండుగే పెట్టాడు. హైదరాబాదు నుంచీ జడ్చర్ల నుంచీ ఆడేవాళ్లు వచ్చారు. ముందు వరసలో కూర్చున్న ముసలాళ్లు "గిదేం ఆటరా, గజ్జెల్లేవు పాట లేదు, పడుతున్నరు లేస్తున్నరు" అని నవ్వారు గానీ, ఒక్కడూ లేచి పోలేదు.

గోదాము బండలు గరుకు. ఆడేవాళ్ల కాళ్లు చీరుకుపోతాయని సిద్దయ్య అప్పుడే మగ్గం మీంచి కోసిన తెల్ల నూలు బట్ట ఇచ్చాడు. ఇంకా గంజి కూడా పోని బట్ట. సావిత్రమ్మ ముక్కలన్నీ కలిపి కుట్టి బండల మీద పరిచింది.

ఆ సాయంత్రం వాన. బయటి ఎర్రమట్టి తొక్కి వచ్చిన కాళ్లే ఆ బట్ట మీద ఆడాయి. చివర ఆడాల్సిన అమ్మాయి బస్సు చెడిపోయి రాలేదు. అంతలో కరెంటూ పోయింది. వీడియో తీసేవాడు కెమెరా సర్దేసుకున్నాడు. జనం లేవబోతుంటే రఘుపతి సారు చెప్పులు విడిచి, మట్టి కాళ్లతోనే లాంతరు వెలుతురులోకి నడిచాడు. ఆడాడు. ఆ సన్నకాలి వేళ్ల మీదే గిర్రున తిరిగాడు. ఫోను తీసి పట్టుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. అందులో అర్థమేమిటో సావిత్రమ్మకు తెలియలేదు గానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన మళ్లీ ఎన్నడూ ఆడలేదు.

మర్నాడు బట్టను ఇంటికి తెచ్చి చూస్తే సారు తిరిగిన చోట బట్ట చిరిగి ఉంది. నేతింటి ఆడది చిరుగును చూస్తూ ఊరుకుంటుందా? మగ్గం మీద ఆకుపచ్చ అంచు చీర నడుస్తోంది. ఆ దారమే తీసి అక్కడికక్కడే రఫ్ఫు చేసేసింది. చాయకు వచ్చిన సారు అది చూసి నోరు తెరిచాడు.

"అక్కా, నా బతుకుల ఒక్కపారి ఆడిన. దాన్ని గూడ కుట్టేస్తివా?"

"చినిగినదాన్ని గట్లనే ఇడుస్తరా సారూ? జర ఆగున్రి, ఇప్పేస్త."

"వద్దక్కా, ఉండనీ. బట్ట మాత్రం పైలంగ దాయి."

నవ్వుతూనే అన్నాడు గానీ ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

తర్వాతి ఏళ్లలో పండుగకు చెక్క వేదిక వచ్చింది, ఫొటోలు వచ్చాయి, పేపర్లో పేర్లు వచ్చాయి. మొదటి ఏడు సారు ఆడిన ఆటకు మాత్రం ఆ బట్ట తప్ప ఇంకేమీ మిగల్లేదు. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు సారు దవాఖానకు పోయి తిరిగి రాలేదు. పండుగా ఆగిపోయింది. సావిత్రమ్మ మాత్రం సారు చెప్పిన నాటి నుంచీ బట్టను ఉన్నదున్నట్టే ట్రంకు పెట్టెలో వేపాకు వేసి దాచింది. ఏటా ఎండ చూపించి మళ్లీ లోపల పెట్టేది.

మొన్న ఎండాకాలంలో నిహారిక ఫోను చేసింది. మక్తల్ పిల్ల, సారు దగ్గర ఆట నేర్చుకున్నది. పండుగను మళ్లీ మొదలుపెడుతోందట. పాత ఫొటోలూ కరపత్రాలూ వెతికి తెచ్చి జడ్చర్లలో ఒక గదిలో భద్రం చేస్తోందట.

"పెద్దమ్మా, సారు ఆడిండంటే ఎవ్వరు నమ్ముతలేరు. గా కాలుతోని ఎట్ల ఆడుతడు, కథలు చెప్తున్నవ్ అంటున్రు. గా బట్ట గోడకు కడ్త. అయితారం వస్త."

గోడకు కడతానన్న మాట సావిత్రమ్మను పట్టుకుంది. సారు పేరు మీద నలుగురూ చూసే బట్ట మట్టి కొట్టుకుని వేలాడాలా? సారుకు మాసిన అంగీ తొడిగి జనంలో నిలబెడతామా? శనివారం పొద్దున్నే నానబెట్టింది. నీళ్లు ఎర్రగా దిగాయి. గంజితో పాటు మట్టీ వదిలిపోయి బట్ట తెల్లగా తేలింది. నడుము పట్టేసినా తృప్తిగా ఆరేసి, మడత పెట్టింది.

ఆదివారం నిహారిక వచ్చి మడతలు విప్పింది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది.

"పెద్దమ్మా, అడుగులేవి?"

"ఏం అడుగులు బిడ్డా?"

"సారు అడుగులు. ఒకటి నిండు పాదం, ఒకటి వట్టి కాలి ఏళ్లు. గవే గద మనకున్న సాక్ష్యం."

సావిత్రమ్మకు అప్పుడు అర్థమైంది. సిద్దయ్య "ఉతికినవా?" అని ఒక్క మాట అడిగి మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఇన్నేండ్లు దాచి, ఒక్క పొద్దుల నేనే కడిగేసిన బిడ్డా. సారును రెండోపారి పోగొట్టుకుంటిమి" అంటూ గుండెలు బాదుకుంది.

"ఊకో పెద్దమ్మా. ఉతకొద్దని ఫోన్ల నేనన్న చెప్పాలె గద" అంటూ నిహారిక బట్టను మళ్లీ మడవబోయింది.

సావిత్రమ్మ చప్పున ఆ చెయ్యి పట్టుకుంది. కళ్లు తుడుచుకుని బట్టను వాకిట్లో పరిచి, దాని మీద మోకాళ్లూని, అరచేత్తో తడుముతూ పోయింది. మధ్య కుట్టు దాటాక ఒకచోట వేళ్లు ఆగాయి. రంగు వెలిసినా ఆకుపచ్చగానే ఉంది ఆనాటి రఫ్ఫు, బొటనవేలంత మేర, ఒత్తుగా.

"ఈడ పెట్టు కాలు. ఎడమ కాలు. మడమ ఆననియ్యకు. ఇగ తిరుగు."

నిహారిక వేళ్ల మీద లేచి, ఆ కుట్టు మీద ఒకసారి నెమ్మదిగా తిరిగింది.

"గట్లనే. గట్లనే తిరిగిండు సారు."

తర్వాత నిహారిక ఆ కుట్టు పక్కనే కూర్చుని, "బట్ట కింద ఏమని రాయాలె పెద్దమ్మా? ఉతికిన ముచ్చట రాయను తియ్" అంది.

"ఎందుకు రాయవ్? ఉన్నదున్నట్టు రాయి. అడుగులు సావిత్రమ్మ ఉతికేసిందని రాయి. సారు తిరిగితే ఈడ బట్ట చినిగిందని, గా చిరుగు గూడ సావిత్రమ్మనే కుట్టిందని రాయి. ఇప్పేస్తనంటే సారే ఇప్పనియ్యలేదని రాయి."