మిషన్ ఆపా పాయింట్లు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం ఒక పన్నన్నా ఊడి ఉండాలని మా నాయన సిద్ధాంతం. నాకింకా ముప్పై నిండలేదు, పళ్ళన్నీ ఉన్నాయి (ఒకటి పుచ్చింది గానీ అది లెక్కలోకి రాదట). అయినా కొన్ని సంగతులు ఏడేళ్ళకే ముసలివైపోతాయి. ఆ రోజుల్లో, అంటే నేను కోయిలకుంట్లలో డిగ్రీ ముగించి కర్నూలుకు వచ్చి, మెడలో గుర్తింపు కార్డు వేలాడితే చాలు జీవితంలో స్థిరపడ్డట్టేనని నమ్మిన రోజుల్లో, ఒక నాలుగంతస్తుల దుకాణంలో నాకు ఉద్యోగం దొరికింది. కింద కిరాణా, ఆపైన బట్టలు, ఆపైన స్టీలు సామాన్లు, అన్నిటికీ పైన ఫ్రిజ్‌లు, మిక్సీలు, కుట్టు మిషన్లు. ఆ దుకాణం వాళ్ళ క్రెడిట్ కార్డు జనానికి అంటగట్టడం నా పని. ఎస్కలేటర్ పక్కనే నా బల్ల. మెట్లు వాటంతట అవే పైకి పోవడం చూసి బిత్తరపోయి నిలబడ్డవాళ్ళను, ఆ బిత్తర తీరేలోపల నేను పట్టుకోవాలి. పట్టుకుని, కొన్నదానికల్లా పాయింట్లు పడతాయనీ, వాటిని కూడబెట్టుకుంటే ఎప్పుడైనా సరే, దుకాణంలో ఏ వస్తువైనా చేతినుంచి పైసా తియ్యకుండా పట్టుకుపోవచ్చనీ చెప్పాలి. పాయింట్లంటే బంగారం, దీనికి తరుగు కూడా లేదు, అని చివర్న సొంతంగా ఒకటి కలిపేవాణ్ణి. దానికి నాకు జీతం ఇవ్వలేదు, అది నా కళాపోషణ.

నా చేతి మీదుగా కార్డు తీసుకున్నవాళ్ళలో మిషన్ ఆపా ఒకరు. పాతపట్నంలో ఒక సందులో ఆడవాళ్ళ బట్టలు కుట్టేవారు. ఆపా అంటే అక్క. ఆ సందులో సాయిబుల ఇళ్ళవాళ్ళూ, తక్కినవాళ్ళూ, ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళూ కూడా అట్లాగే పిలిచేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా కాలితో తొక్కే మిషన్ మీద కుట్టీ కుట్టీ మోకాళ్ళు అరిగిపోయాయి. నడవాలంటే తొక్కడం మానుకోవాలి, తొక్కాలంటే నడక మీద ఆశ వదులుకోవాలి అన్నాడట డాక్టరు.

“నడవకపోయినా గడుస్తాది తమ్ముడూ, తొక్కకపోతే ఎట్ల గడుస్తాది?” అన్నారు నా బల్ల ముందు కూర్చుని, ఎవరి మోకాళ్ళ సంగతో చెబుతున్నట్టు. “పైన మోటారు మిషన్ ఉండాది గదా, అది పాయింట్లకిస్తారా?”

“ఇస్తాం ఆపా.”

“ఆఖర్న మాట మారరు గదా?”

“మారితే నన్నడుగు” అన్నాను. (ఈ మాట కూడా నన్నెవరూ అనమని చెప్పలేదు.)

జాకెట్లు కుట్టే మనిషి సొంత సరుకులకు పడే పాయింట్లతో మోటారు మిషన్ రావాలంటే మనవళ్ళ కాలం దాకా ఆగాలి. కానీ ఆ సందుకు ఒక పద్ధతుంది. అంతా తలా ఒక చెయ్యి వేసి ఈసారి ఒకరిని ఎత్తుతారు, ఇంకోసారి ఇంకొకరిని. చీటీలలో పుట్టి పెరిగిన ఊరు మరి. ఎవరింట్లో నెల సరుకులు కావాలన్నా ఆపాను వెంటబెట్టుకుని వచ్చి, ఆవిడ కార్డు మీద కొని, ఆ సాయంత్రానికల్లా ఆవిడ చేతిలో డబ్బు పెట్టేవాళ్ళు. సరుకులు వాళ్ళవి, పాయింట్లు ఆపావి. సందు మొగలో చిల్లర కొట్టు నడిపే శెట్టెమ్మ కూడా మా దుకాణంలో తగ్గింపు ఉన్నప్పుడు ఆపా కార్డు మీద నూనె డబ్బాలు కొనేది, కొని తన కొట్లో అమ్ముకునేది. ఏడాదిన్నర ఇట్లా సాగింది. ఇంకొక్క నెల కొంటే మిషన్ దిగుతుందనగా పద్ధతి మారింది.

మా మేనేజరును మేము రూల్సు సార్ అనేవాళ్ళం. నెలాఖరున అందరినీ నిలబెట్టి కాగితం చదివాడు. ఒకటో తారీకు నుంచి పాయింట్లు ఉండవు. ఇప్పటిదాకా కూడినవన్నీ రెండువందల యాభై రూపాయల కూపన్లుగా మారి కార్డు తీసుకున్నవాళ్ళ ఫోనుకు వస్తాయి. కూపన్లు కిరాణాకే చెల్లుతాయి, పై అంతస్తుల్లో చెల్లవు. బిల్లుకు ఒకటే కూపన్, ఆ బిల్లు కనీసం ఐదు వందలుండాలి. నెలలోపల వాడకపోతే అన్నీ మురిగిపోతాయి. ఈ చావు కబురు మీద రంగు బెలూన్లు వేసి, ‘మీ కోసం మరింత మెరుగైన బహుమతులు’ అని అచ్చుకొట్టించి నా బల్లకే అంటించారు. “ఎట్లుంది?” అన్నాడు రూల్సు సార్. “సూపర్ సార్” అన్నాం మూకుమ్మడిగా. నా గొంతే కొంచెం గట్టిగా వినిపించిందని తర్వాత తెలిసింది.

ఆపా పాయింట్లు చూశాను. నలభై కూపన్లవుతాయి. ఒక మనిషి ఒక నెలలో నలభై సార్లు కిరాణా కొనాలంటే ఆ మనిషి హాస్టలన్నా నడపాలి, ఏనుగునన్నా పెంచాలి. తక్కువబడ్డ పాయింట్లకు డబ్బు కట్టి ఇప్పుడే మిషన్ తీసుకుందామంటే, సగం పాయింట్లు సగం డబ్బు అనే పద్ధతి మా దగ్గర లేదు. పాయింట్లకు ఏ ఫ్యానో కుక్కరో తీసుకోవచ్చు. కుక్కరుతో జాకెట్లు కుట్టలేరు.

మరునాడు మధ్యాహ్నం సందుకు వెళ్ళాను. దారి పొడుగునా ముఖాన్ని తగినంత విషాదంగా పెట్టుకోవడం సాధన చేశాను. ఎండకు అది దానంతటదే కుదిరింది. ఆపా నోట్లో గుండుసూదులు పెట్టుకుని జాకెట్టు చేతి ముక్కకు కుట్టువేస్తున్నారు. విషయం చెప్పాను. మిషన్ ఆగింది. నేను బాధపడుతున్నాననీ, పైవాళ్ళతో కొట్లాడతాననీ, కావాలంటే ఉద్యోగానికి రాజీనామా చేస్తాననీ అన్నాను. (అప్పటికి నాకొచ్చిన జీతాలు ఇరవై కూడా లేవు. నేను రాజీనామా చేస్తే దుకాణానికి మిగిలేది ఒక కుర్చీ.) ఆపా సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకు గుచ్చారు.

“నీ నౌకరీకి ఏం కాదు గదా?” అని మాత్రం అడిగారు ముందు.

“నాకేమవుతుంది ఆపా?”

“అయితే కూసో. మొహం చూడు, ఎట్ల వాడిపోయిండాదో. నీళ్ళు తాగు.” చెంబు నా ముందు పెట్టి, “ఆ కూపన్‌తో సరుకు నేనే కొనల్లనా, ఎవురు కొన్నా ఫర్వాలేదా?” అన్నారు.

“బిల్లు కొట్టిన ప్రతిసారీ నీ ఫోనుకు ఆరంకెల నంబరొస్తుంది. అది బిల్లు కాడ చెప్తే చాలు.”

“సరుకు ఎవురు మోసుకపొయ్యేది చూస్తారా?”

“చూడరు.”

“దినానికి ఇన్నే బిల్లులని రాసిండాదా?”

బిల్లుకు ఎన్ని కూపన్లని రాశారు, రోజుకు ఎన్ని బిల్లులని రాయలేదు. “లేదు ఆపా” అన్నాను, ఆవిడ ఎక్కడికి పోతున్నారో తెలియకుండానే.

“పెద్ద గుడ్డ చిక్కకపోతే ముక్కలు అతికి కుట్టమా? ఇంటింటికీ ఒక ముక్క ఇస్తా. వాళ్ళు కూపన్ పోను మిగిలింది మీకు కడతారు, ఆ రెండునూర్ల యాభై నాకిస్తారు. వాళ్ళకు ఎట్లనూ సరుకులు కావల్ల. ఏమంటావు?”

కాగితం రాసినవాళ్ళు ఎక్కడో పెద్ద ఊళ్ళో, ఏసీ గదిలో, ఎన్ని రోజులు కూర్చుని రాశారో. ఆవిడ సగం కుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మూడు ప్రశ్నల్లో దాన్ని విప్పేశారు. నేను చెంబు ఎత్తి, నీళ్ళు ఎప్పుడో అయిపోయాయని కూడా గమనించకుండా తాగుతూనే ఉన్నాను.

గుమ్మంలో నిలబడి అంతా విన్న శెట్టెమ్మ మాత్రం భగ్గుమంది. “ఏం ఆపా, సందంతా ఆడికి పోయి కొంటే నా కొట్లో ఈగలకు అమ్మేదా పప్పు? ఏమప్పా కార్డు పిల్లోడా, ఇదంతా నీ పుణ్యమేనా?”

“ఒక్క నెల శెట్టెమ్మా” అన్నారు ఆపా. “నీ కూతురి పెండ్లికి పన్నెండు జాకెట్లు ఏ కాళ్ళతో తొక్కినా?”

శెట్టెమ్మ ఆపా మోకాళ్ళ వైపు చూసింది, నా వైపు చూసింది, ఏం తోచక వీధిలో పోతున్న కుక్కను అదిలించింది. “నాకు మూడు బిల్లులు రాసుకో. చక్కెర, బెల్లం, నూనె” అని వెళ్ళిపోయింది.

కొత్త నెల మొదటి ఆదివారం పొద్దున దుకాణం తలుపు తియ్యగానే సందు మొత్తం దిగింది. దుకాణం లోపల ఫోనుకు సిగ్నలు అందదు. అందుకని ఆపా గేటు దగ్గర సెక్యూరిటీ అతని ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్ళు బారజాపుకుని, ఫోను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. నంబరు రాగానే ఆవిడ చదువుతారు. చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డ ఒకావిడ అందుకుంటుంది. బిస్కెట్ల దగ్గరి ముసలాయన ఉర్దూలో అందుకుంటాడు. బియ్యం బస్తాల దగ్గరి అమ్మాయి మళ్ళీ తెలుగులో అందుకుని బిల్లు కౌంటరులో దింపుతుంది. మా ఆఫీసులో రెండు టీలు చెబితే ఒక కాఫీ వచ్చేది. ఈ ఆరంకెలు రెండు భాషలు దాటి, నాలుగు నోళ్ళు మారి, ఒక్కసారి కూడా తప్పిపోలేదు. కార్డు గురించి దుకాణం నాకు మూడు రోజులు శిక్షణ ఇచ్చింది. అది వృథా ఖర్చని ఆ పొద్దున నాకు రూఢి అయింది.

పది బిల్లులయ్యాక రూల్సు సార్ పరుగెత్తుకొచ్చాడు. “ఏం జరుగుతాంది ఈడ? ఎవరమ్మా నువ్వు?”

“మీ కార్డుదాన్ని సార్” అన్నారు ఆపా కుర్చీలోంచే. “మెరుగైన బహుమతులని పిలిస్తిరి గదా, వచ్చినాం.”

సార్ కాగితం తెప్పించాడు. నిలబడి చదివాడు, కళ్ళజోడు తుడుచుకుని చదివాడు, చివరికి అడుగున చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివాడు. ఎక్కడా ఏమీ దొరకలేదు. జీవితంలో మొదటిసారి ఒక రూలు ఆయన్ని వదిలేసి అవతలివాళ్ళ పక్షాన నిలబడింది. ఆ మనిషి ముఖంలో కోపం కాసేపుండి, తర్వాత అది మెల్లగా ఇంకేదో అయింది. పెద్ద దేవళం గోపురాన్ని మొదటిసారి కింద నిలబడి చూసేవాళ్ళకు ఉంటుందే, అట్లాంటిది. ఫోనులో చార్జింగు తగ్గుతోందని ఎవరో అరిస్తే, ఆఫీసులోకి వెళ్ళి తన చార్జరు తనే తెచ్చి గుచ్చాడు. “కానీండి, కానీండి, ఎనిమిదో కౌంటరు కూడా తెరవండి” అన్నాడు. నిజానికి మాకు ఏడే ఉన్నాయి.

మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోది తీసుకోవలసిన ఇంటివాళ్ళు కడపకు పెళ్ళికి వెళ్ళారట. అందరూ నా వైపు చూశారు. పొయ్యి లేని గదిలో ఉండేవాణ్ణి, ఐదు వందలకు సరుకులు కొన్నాను. ఏం కొనాలో తెలియక కందిపప్పు, ఇంగువ, కర్పూరం, రెండు కొబ్బరికాయలు. ఏ పూజా చెయ్యని ఏ వంటా రాని మనిషి ఆ సంచితో నిలబడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాను. రెండువందల యాభై ఆపా చేతిలో పెడితే, వద్దనలేదు. మడిచి కొంగున కట్టుకున్నారు. ఆవిడ వద్దంటే ఆ రోజు నేను ఏడ్చేవాణ్ణని ఇప్పుడు అనిపిస్తుంది.

నేనూ రూల్సు సారూ కలిసి ఆపాను పై అంతస్తుకు లిఫ్టులో తీసుకెళ్ళాం, మిషన్ కొనే ఘట్టం కళ్ళారా చూడాలని. ఆపా మూత తీసి చూశారు, చక్రం తిప్పి చూశారు, ధర చూశారు. “బేరం లేదా సార్?” అన్నారు. సార్ లేదన్నాడు. “రిపేరికి ఇంటికొస్తారా?” రారన్నాడు. “అట్లయితే బజార్లో మిషన్ల శెట్టి కాడ తీసుకుంటా. ఆయప్ప ఇంటికొస్తాడు” అని, మూత జాగ్రత్తగా పెట్టేసి, లిఫ్టు వైపు నడిచారు. ఆవిడ పెట్టిన మూతను సార్ ఒకసారి ఎత్తి చూసి మళ్ళీ పెట్టాడు. “ఆమెను మన దాంట్లో ఉద్యోగానికి అడిగితే వస్తాదంటావా?” అన్నాడు సార్, నిజంగానే.

పది రోజుల తర్వాత ఆపా కబురుచేశారు. మోటారు మిషన్ మీద మొట్టమొదట కుట్టింది నాకొక చొక్కా అట. “మొగోళ్ళవి కుట్టడం నాకు రాదు తమ్ముడూ, అయినా నీకు కుట్టాలనిపించె” అన్నారు. చేతులు అచ్చం జాకెట్టు చేతుల్లా భుజాలకు అతుక్కుపోయాయి. నాకు కండలు పెరిగాయనుకుని మురిసిపోయి మరునాడు ఉద్యోగానికి అదే వేసుకుని వెళ్ళాను. కిరాణా ఎటువైపని ఎవరడిగినా చెయ్యెత్తి చూపలేక గడ్డంతో చూపించాను. ఆ రోజు బల్ల దగ్గర ఎవరో తీసిన ఫోటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. వెనక బెలూన్ల పోస్టరు, ముందు చేతులు రెండూ కర్రల్లా బిగబట్టుకుని ఒక కుర్రాడు, ఒక పేదరాలిని కాపాడేశానన్న గర్వం ముఖం నిండా. ఓదార్చడానికి వెళ్ళినవాడికే ఆవిడ నీళ్ళిచ్చి, ఉద్యోగం క్షేమం కనుక్కుని, ఒక కూపనిచ్చి, చొక్కా కూడా తొడిగి పంపారని వాడికింకా తెలియదు. చెబుదామనిపిస్తుంది గానీ, నవ్వుతున్నాడు కదా పాపం, ఉండనీ అని ఫోను పక్కన పెట్టేస్తుంటాను.